వాసన ముట్టుకోకుండా మంట తగ్గించడం కుదరదు: మారతహళ్లి సెలూన్ ఆఫ్టర్‌షేవ్ కేస్ స్టడీ

బెంగళూరు మారతహళ్లిలో సెలూన్ నడుపుతున్న మదనపల్లె యువకుడు ఒకరు సొంత పేరుతో ఒక ఆఫ్టర్‌షేవ్ తయారు చేయించారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఐటీ ఉద్యోగులు, అందులో సగం మన తెలుగువాళ్లే. గడ్డం గీశాక చేతిలో పోసుకుని రాసే పల్చటి ద్రావణం అది. మొదట్లో అందరికీ నచ్చింది. వేసవి ముదిరేసరికి ఫిర్యాదులు మొదలయ్యాయి: రాయగానే తగ్గని మంట, ఆరాక జిగురు, ఆఫీసు చేరేలోపే వాసన మాయం, సీసా అడుగున మబ్బు. వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టినది మరొకటి. బైకు మీద వెళ్లే ఇద్దరు ఖాతాదారులకు మెడ పక్కన, ద్రావణం కారిన దారిలోనే, గోధుమ రంగు చారలు పడ్డాయి.

ఆఫ్టర్‌షేవ్ సూత్రాలు సరిచేసే నా దగ్గరకు యజమాని సీసాతో పాటు సూత్రం రాసిన కాగితం కూడా తెచ్చారు. "అక్కా, వాసనకు ఎవరూ వంక పెట్టడం లేదు. మంటా, మచ్చలూ తీసేయండి చాలు. వాసన మాత్రం ముట్టుకోవద్దు" అన్నారు. కాగితం చదివాక నేను చెప్పగలిగింది ఒక్కటే: ఆ మంటా, ఆ మచ్చలూ వస్తున్నది వాసన నుంచే. సుగంధ తైలాలను చివర్లో కలిపే పరిమళంగా మాత్రమే చూడటం చేతితో తయారుచేసే ఆఫ్టర్‌షేవ్‌లలో నాకు తరచూ కనిపించే ధోరణి. చర్మం మీద తైలం మందులా పనిచేస్తుంది, అప్పుడప్పుడు విషంలా కూడా.

కాగితంలో ఉన్నది

నూరు గ్రాములకు లెక్క ఇలా ఉంది. ఆల్కహాలు 48, గ్లిజరిన్ 5, పాలిసార్బేట్-20 అనే కలుపుడు పదార్థం 5, మెంథాల్ 0.3. తైలాలలో నిమ్మ (లెమన్) 0.8, లైమ్ (మన చిన్న నిమ్మ జాతి) 0.42, బెర్గమాట్ (సువాసన కోసం వాడే మరో నిమ్మ జాతి పండు) 0.3, లావెండర్ 0.3, పిప్పర్‌మెంట్ 0.5, దాల్చినచెక్క 0.15. మిగిలినదంతా పన్నీరు (గులాబీ జలం). నిమ్మ జాతి తైలాలు మూడూ తొక్క నుంచి చల్లగా పిండి తీసినవి. సీసా పారదర్శకమైన గాజు. సెలూన్‌లో దాన్ని కిటికీ పక్కన, అద్దం ముందున్న గాజు బల్ల మీద ఉంచేవారు.

ఆల్కహాలు ఆఫ్టర్‌షేవ్‌కు తక్కువగా అనిపించింది. అడిగితే విషయం తెలిసింది. మొదటి బ్యాచ్‌లో ఎక్కువే ఉండేదట. మంట గురించి మాట రాగానే, ఆల్కహాలే కారణమని తయారుచేసినవారు దాన్ని తగ్గించారు. ఆల్కహాలు తగ్గగానే తైలాలు కరగక ద్రావణం తెల్లబారింది. తెలుపు పోవడానికి పాలిసార్బేట్ పోశారు. అది సబ్బు జాతి పదార్థం. అంత మోతాదులో ముఖం మీద జిగురుగా మిగిలిపోతుంది, పైగా తైలాన్ని తనలో బిగించుకుని వాసనను పైకి లేవనివ్వదు. ఇన్ని చేసినా మంట మాత్రం మొదటి బ్యాచ్‌లో ఎంత ఉందో అంతే ఉంది.

మంట ఎక్కడిది

గడ్డం గీసినప్పుడు బ్లేడు వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా కొంత గీరేస్తుంది. కంటికి కనబడని గాట్లు పడతాయి. సబ్బు నురగ క్షారం, చర్మం స్వభావం ఆమ్లం. ఆ కొద్ది నిమిషాలు ముఖం రక్షణ లేకుండా ఉంటుంది. మణికట్టు మీద ఏ ఇబ్బందీ పెట్టని తైలం బుగ్గ మీద ఎందుకు గోల చేస్తుందో ఇక్కడే అర్థమవుతుంది.

ఆల్కహాలుకు మంటలో పాత్ర లేదని నేననడం లేదు. వేడిని గుర్తించే గ్రాహకం ఒకటి మన నరాల చివర్లలో ఉంది. మిరపకాయ తగిలితే స్పందించేది కూడా అదే. మామూలుగా 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర మేల్కొనే ఆ గ్రాహకాన్ని ఆల్కహాలు దాదాపు 34 డిగ్రీలకే మేల్కొల్పుతుంది. అంటే మన ఒంటి వెచ్చదనమే మనకు కాలినట్టు అనిపిస్తుంది. కానీ ఆల్కహాలు నిలవదు. కొద్ది క్షణాల్లో ఆవిరైపోతూ చర్మం వేడిని తనతో తీసుకుపోతుంది. అందుకే ఆల్కహాలు మంట చురుక్కుమని తగిలి, చల్లబడి, ఆగిపోతుంది. చాలామంది ఆఫ్టర్‌షేవ్‌లో కోరుకునేది కూడా ఆ చురుకునే.

ఖాతాదారులు చెప్పిన మంట ఇది కాదు. రాసిన చాలాసేపటి వరకూ నిలిచే మంట. దాన్ని విడదీయడానికి తైలాలేవీ లేని ద్రావణాన్ని ముందు చేసి, దానిలో ఒక్కో తైలాన్నే విడిగా కలిపి, సెలూన్ యజమానీ ఆయన దగ్గర పనిచేసేవాళ్లూ ఒప్పుకున్నాక వాళ్ల బుగ్గల మీదే చూశాం. ఏ సీసాలో ఏముందో వాళ్లకు చెప్పలేదు. తైలం లేనిది చురుక్కుమని ఆగింది. దాల్చినచెక్కది మాత్రం ఆగలేదు. బుగ్గ ఎర్రబడి వేడెక్కింది.

దాల్చినచెక్క తైలంలో ప్రధానమైనది సినమాల్డిహైడ్. ఆవ ఘాటుకు స్పందించే నరాల గ్రాహకాన్నే అదీ తట్టి లేపుతుంది. దానికి తోడు చర్మానికి అలర్జీ అలవాటు చేయడంలో పేరుమోసిన పదార్థం. ఒకసారి ఒంటికి పడకపోతే తర్వాత ఎంత తక్కువ తగిలినా దద్దురు రావచ్చు. 0.15 శాతం అంటే కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. గీసిన ముఖానికి అది చాలా ఎక్కువ. దాల్చిన ఆకు నుంచి తీసే తైలం వేరు, అందులో లవంగంలో ఉండే యూజెనాల్ ప్రధానం. అది కాస్త మెత్తనిది గానీ అదీ అలర్జీ కారకమే. ఆఫ్టర్‌షేవ్‌లో నేను దాల్చినచెక్క తైలం వాడను. ఈ విషయంలో ఖాతాదారుతో బేరం కూడా ఆడను.

పిప్పర్‌మెంట్ సంగతి మరోలా ఉంది. చల్లదనం కోసమే దాన్ని వేశారు, పక్కనే మెంథాల్ కూడా వేశారు. మెంథాల్ చర్మాన్ని నిజంగా చల్లబరచదు. చలిని గుర్తించే గ్రాహకాన్ని తట్టి, చల్లగా ఉందని మెదడుకు కబురు పంపుతుంది. ఆల్కహాలు ఆవిరయ్యే చల్లదనం క్షణాల్లో తీరిపోతుంది, మెంథాల్ చల్లదనం ఆ తర్వాత అందుకుని నిలుస్తుంది. ఈ రెండూ ఒకదాని వెనుక ఒకటి అతికినట్టు రావడమే మంచి ఆఫ్టర్‌షేవ్ స్పర్శకు ప్రాణం. మోతాదు మించితే మాత్రం చల్లదనమే కోతగా మారి కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. పిప్పర్‌మెంట్ తైలంలో మెంథాల్‌తో పాటు మెంథోన్ వంటివీ ఉంటాయి కాబట్టి టూత్‌పేస్ట్ వాసన వెంట వస్తుంది. చల్లదనమే కావాలంటే మెంథాల్ స్ఫటికాలు చాలు. వాటికి వాసన తక్కువ, మోతాదు మీద పట్టు ఎక్కువ. ఉత్తరప్రదేశ్ బారాబంకీ ప్రాంతంలో విస్తారంగా పండే జపాన్ పుదీనా నుంచి మనకు కావలసినంత మెంథాల్ వస్తుంది.

తైలాల కన్నా ముందే ఒక పద్ధతి మార్చమన్నాను. సెలూన్‌లో వేడి తువ్వాలు తీసి, గడ్డం గీసి, పటిక రుద్ది, ఆ తడి మీదే ద్రావణం రాసేవారు. వేడెక్కిన చర్మం మీద ఆల్కహాలు మరింత మండుతుంది. తడి కలిస్తే ద్రావణంలో ఆల్కహాలు శాతం ముఖం మీదే పడిపోయి తైలం తెల్లగా విరుగుతుంది. పటిక తర్వాత చన్నీళ్లతో కడిగి, తువ్వాలుతో అద్ది, అప్పుడు రాయమన్నాను. సూత్రం మారకముందే, ఆ ఒక్క మార్పుతో కొంత ఊరట వచ్చిందని యజమాని ఫోను చేసి చెప్పారు.

మెడ మీద చారలు

నేను వైద్యురాలిని కాను. ఆ ఇద్దరినీ చర్మ వైద్యులకు చూపించమన్నాను, అప్పటివరకూ ఎండ తగలనివ్వవద్దన్నాను, ఉన్న సీసాలన్నీ అమ్మకం నుంచి వెనక్కి తీయించాను. సూత్రం వైపు నుంచి నాకు కనిపించిన కారణం ఇది.

బెర్గమాట్, లైమ్, నిమ్మ తొక్కల నుంచి పిండి తీసిన తైలాలలో ఫ్యూరానోకూమరిన్లనే పదార్థాలు ఉంటాయి. బెర్గాప్టెన్ వాటిలో ఒకటి. చీకట్లో అవి చేసే హాని తక్కువే. చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే అవి చర్మకణాలను గాయపరుస్తాయి. కమిలి ఎర్రబడటం, ఆ తర్వాత నెలల తరబడి ఉండే గోధుమ రంగు మచ్చలు దాని ఫలితం. ద్రావణం కారిన ఆకారంలోనే చార పడటం దీనికి గట్టి గుర్తు. ఇది అలర్జీ కాదు. తగినంత తైలం, తగినంత ఎండ పడితే ఎవరికైనా రావచ్చు.

అంతర్జాతీయ సుగంధ సంఘం ఇఫ్రా వీటికి పరిమితులు పెట్టింది. ఎండ తగిలే చర్మం మీద కడగకుండా వదిలే ఉత్పత్తిలో పిండి తీసిన బెర్గమాట్ 0.4 శాతం, లైమ్ 0.7 శాతం, నిమ్మ 2 శాతం మించకూడదు. కాగితం మీద చూస్తే మూడూ పరిమితి లోపలే ఉన్నాయి. తయారుచేసినవారు కూడా ఆ మాటే చెప్పారట. కానీ ఆ నియమానికి రెండో భాగం ఉంది. ఇలాంటి తైలాలు ఒకటికి మించి కలిపినప్పుడు, ఒక్కొక్కటి తన పరిమితిలో ఎంత శాతం వాడుకుందో లెక్కగట్టి కూడాలి. ఆ మొత్తం నూరు దాటకూడదు. ఇక్కడ బెర్గమాట్ తన పరిమితిలో 75 శాతం, లైమ్ 60, నిమ్మ 40 వాడుకున్నాయి. మొత్తం 175. విడివిడిగా నిర్దోషులే, కలిస్తే గీత దాటాయి. ఆ గీత మామూలు చర్మానికి గీసినది. గీసిన గడ్డం, ఆపైన ఎండలో అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ కలిస్తే నేను ఆ నూరు దాకా కూడా వెళ్లను.

ఈ లెక్కను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇళ్లలో, చిన్న గదుల్లో ఆఫ్టర్‌షేవ్‌లు చేస్తున్నవాళ్లు మన నగరంలో పెరుగుతున్నారు, నిమ్మ జాతి తైలాలంటే అందరికీ ఇష్టం. జర్మనీలోని కొలోన్ నగరంలో 1709లో మొదలైన ఫారీనా పరిమళం నాటి నుంచి మగవాళ్ల తాజాదనమంటే నిమ్మ, నారింజ, బెర్గమాట్ అనే అలవాటు స్థిరపడింది. ఆ పాత సూత్రాలను యథాతథంగా తెచ్చి గడ్డం మీద పోయడం ప్రమాదకరం.

ఎండ బెడద లేని దారులున్నాయి. బెర్గాప్టెన్ తొలగించిన బెర్గమాట్ బజారులో దొరుకుతుంది. ఆవిరి పట్టి తీసిన లైమ్‌లోనూ ఈ ఇబ్బంది ఉండదు, ఫ్యూరానోకూమరిన్లు బరువైనవి కాబట్టి ఆవిరితో పైకి రావు. తియ్య నారింజ తైలానికి ఈ పరిమితే లేదు. అయితే వీటన్నిటిలోనూ లిమొనీన్ ఉంటుంది. గాలి, వెలుతురు తగిలితే అది ఆక్సీకరణ చెంది అలర్జీ కలిగించే పెరాక్సైడ్లుగా మారుతుంది. లావెండర్‌లోని లినాలూల్ కూడా అంతే. కిటికీ పక్కన తెల్లగాజు సీసా నాకు నచ్చకపోవడానికి కారణం అదే. ముదురు గోధుమ రంగు సీసా, కొద్దిగా విటమిన్ ఇ, నీడ ఉన్న అర. ఇవి అందం కోసం కావు.

వాసన ఎందుకు నిలవలేదు

పాత సూత్రంలో తైలాల మొత్తం 2.47 శాతం. అందులో నిమ్మ జాతి మూడూ, పిప్పర్‌మెంటూ కలిపితే 2.02. అంటే ఐదింట నాలుగు వంతులు తొందరగా ఎగిరిపోయే సరుకే. లిమొనీన్ అణుభారం 136, గంధపు తైలంలోని శాంటలాల్ అణుభారం 220. తేలికైనది ముందు లేచిపోతుంది, బరువైనది గంటల తరబడి చర్మాన్ని అంటిపెట్టుకుంటుంది. కింద ఆనుకోవడానికి ఏమీ లేనప్పుడు, పైన ఎంత పోసినా పావుగంటకు మించి నిలవదు. యజమాని ఆలోచన తైలం శాతం పెంచుదామని. నేను సగానికన్నా తక్కువకు దించాను.

అడుగున రెండు పెట్టాను, గంధం, వట్టివేరు. బెంగళూరులో కూర్చుని ఆఫ్టర్‌షేవ్ చేస్తూ గంధం లేకుండా చేయడానికి నాకు మనసొప్పదు. 1916లో మైసూరులో గంధపు నూనె కర్మాగారం మొదలైన నాటి నుంచి ఈ రాష్ట్రం పేరు ఆ వాసనతో ముడిపడింది. మైసూర్ శాండల్ సబ్బు వాసన తెలియని తెలుగిల్లు కూడా అరుదు. అయితే మమకారం వేరు, కొనుగోలు వేరు. గంధపు తైలంలో కల్తీ ఎక్కువ. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం మన శ్రీగంధం తైలంలో ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలి. ఆస్ట్రేలియా జాతి గంధంలో శాంటలాల్ తక్కువ, అలర్జీ కారకాల పట్టికలో ఉన్న ఫార్నెసాల్ ఉంటుంది. రెండూ గంధమే గానీ గీసిన చర్మం మీద రెండూ ఒకటి కావు. తైలంలో ఏమేముందో విడదీసి చెప్పే గ్యాస్ క్రోమటోగ్రఫీ పరీక్ష నివేదిక చూపని వ్యాపారి దగ్గర నేను కొనను.

గంధంలో నాకు మరీ ఇష్టమైన గుణం దాని కరిగే తీరు. ఒక పాలు గంధపు తైలం ఐదు పాళ్ల 70 శాతం ఆల్కహాలులో తేటగా కరగాలన్నది దాని పరీక్షల్లో ఒకటి. నిమ్మ తైలం అంత బలహీనమైన ఆల్కహాలులో కరగదు, విరిగి తెల్లబారుతుంది. లిమొనీన్ వంటి టెర్పీన్లు నీటి పొడ గిట్టనివి. శాంటలాల్, లినాలూల్ ఆల్కహాలు జాతివి కాబట్టి కాస్త నీటితో సర్దుకుంటాయి. పాత సీసాలో మబ్బుకు మూలం ఇదే. తైలాల ఎంపిక మారితే పాలిసార్బేట్ అవసరం దానంతటదే తగ్గుతుంది, దాంతో జిగురూ తగ్గుతుంది. స్పర్శను బాగుచేయాలని వేరే పదార్థమేదీ చేర్చలేదు. వాసనను మార్చాను, స్పర్శ దారికొచ్చింది.

వట్టివేరు గురించి తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. వేసవిలో తడిపిన వట్టివేళ్ల తడికల చల్లదనం మన జ్ఞాపకాల్లోనే ఉంది. తైలంగా తీసినప్పుడు అది చిక్కగా, నిదానంగా, తడిమట్టి వాసనతో ఉంటుంది. మెంథాల్‌లా చలి గ్రాహకాన్ని తట్టేదిగా దానికి పేరు లేదు, అయినా దాని వాసన పీల్చినవాళ్లు చల్లగా ఉందంటారు. పేర్లు చెప్పకుండా ఒకే ద్రావణంలో ఒకదానికి నిమ్మ, ఒకదానికి గంధం, వట్టివేరు కలిపి ఇచ్చినప్పుడు, రాసుకున్నవాళ్లు గంధం సీసా మెత్తగా ఉందని, చర్మం నున్నబడిందని చెప్పారు. గ్లిజరిన్ రెండింట్లోనూ ఒకే కొలత. ముక్కు చెప్పినదాన్ని చెయ్యి నమ్ముతుందని నాకు ఈ పనిలో మళ్లీ మళ్లీ రుజువవుతోంది.

పదును ఎక్కడి నుంచి తేవాలన్నది మిగిలింది. లైమ్ తీసేస్తే యజమాని ముఖం చిన్నబోయింది. ఆవిరి పట్టిన లైమ్ వేసి చూపించాను. ఆమ్లంతో కలిసి ఉడకడంతో దాని వాసన మారి కోలా పానీయంలా ఉంటుంది, ఇద్దరికీ నచ్చలేదు. చివరకు ఏలకులు ఆ పని చేశాయి. ఏలకుల తైలంలోని సినియోల్ నీలగిరి తైలంలో ఉండేదే. ముక్కుకు చల్లగా, చురుగ్గా తగులుతుంది. పక్కనున్న టెర్పినైల్ అసిటేట్ దానికి తీపి అద్దుతుంది. బెర్గమాట్‌ను గంధంతో కలిపే వంతెన అదే అయింది.

కొత్త సూత్రం

నూరు గ్రాములకు 95 శాతం ఆల్కహాలు 60, విచ్‌హేజెల్ అనే పొద నుంచి తీసిన జలం 10, గ్లిజరిన్ 2, చర్మానికి తేమనిచ్చే పాంథెనాల్ 0.5, పాలిసార్బేట్-20 0.5, మెంథాల్ 0.1, విటమిన్ ఇ 0.05. తైలాలు మొత్తం 0.8: బెర్గాప్టెన్ తీసిన బెర్గమాట్ 0.25, గంధం 0.2, లావెండర్ 0.15, వట్టివేరు 0.12, ఏలకులు 0.08. మిగిలినది శుద్ధజలం. పన్నీరు తీసేశాను, దాని వాసన ఇక్కడ ఎవరికీ వినిపించదు, ఖర్చు మాత్రం కనిపిస్తుంది.

తైలాలు, మెంథాల్, విటమిన్ ఇ, పాలిసార్బేట్ ముందు ఆల్కహాలులో కరగాలి. నీటి భాగాన్ని ఆ తర్వాత సన్నని ధారగా, కలుపుతూ పోయాలి. వరుస తిరగబడితే మబ్బు ఖాయం. కొన్ని వారాలు చీకట్లో ఊరనిచ్చి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగా ఉండగానే వడగట్టాలి. ఊరాక ఆల్కహాలు ఘాటు వెనక్కి తగ్గి వట్టివేరు ముందుకొస్తుంది. తొందరపడి మొదటి రోజే వాసన మీద తీర్పు చెప్పవద్దని యజమానికి ముందే చెప్పి ఉంచాను.

వాడేవాళ్లందరికీ ముందు మోచేతి లోపలివైపు రాసి 48 గంటలు చూడమని చీటీ రాయించాం. లావెండర్, బెర్గమాట్ కొందరికి పడకపోవచ్చు, సహజమైనదన్న మాట దానికి పూచీ కాదు. అమ్మకానికి 2020 సౌందర్య సాధనాల నియమాల కింద లైసెన్సు ఉన్న చోటే తయారు కావాలి, ఆల్కహాలుకు ఎక్సైజ్ అనుమతి వేరు. ఆ పనులు యజమాని లైసెన్సు ఉన్న ఒక యూనిట్ ద్వారా చేయించుకున్నారు.

చెన్నైలో తేలిన తేడా

యజమాని అన్నానగర్‌లో సెలూన్ ఉన్న తన బావమరిదికి కొన్ని సీసాలు పంపారు. అక్కడి నుంచి వచ్చిన మాట: వాసన బాగుంది, ముఖం మాత్రం ఆరడం లేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి పొడి. చెన్నై గాలిలో తేమ ఎక్కువ. గ్లిజరిన్ ఆ తేమను లాక్కుంటుంది, నీరు ఆవిరవడం నిదానిస్తుంది. చెన్నై బ్యాచ్‌కు గ్లిజరిన్ 1కి తగ్గించాను. వేడి చర్మం మీద బెర్గమాట్ ఇంకా త్వరగా ఎగిరిపోతుంది కాబట్టి దాన్ని 0.2కు దించి, ఆ మేరకు గంధం పెంచాను. ఆ జిగురు మాట మళ్లీ రాలేదు.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్న సమస్య వట్టివేరు. కొత్తగా వచ్చిన సరుకు పాతదానికన్నా పొగ వాసన ఎక్కువగా ఉంది. వేరు వయసు, నేల, ఎంతసేపు బట్టీలో ఆవిరి పట్టారన్నదాన్ని బట్టి ప్రతి సరుకూ మారుతుంది. అదే 0.12 వేస్తే ఏలకుల పదును మునిగిపోతోంది. 0.09 దగ్గర నాకు కుదిరినట్టుంది. యజమాని పాత సరుకుతో చేసిన సీసా, కొత్తదానితో చేసిన సీసా రెండూ తీసుకెళ్లారు. ఊరడం పూర్తయ్యాక, రోజూ గడ్డం గీయించుకునేవాళ్లు ఏమంటారో చూసి ఆ అంకె ఖాయం చేస్తాం.